తాత మగ్గం ఏ ఇంట్లో ఉంది

మొన్న మా మేనకోడలు ట్రంకుపెట్టె సర్దుతూ వాళ్లమ్మ, అంటే మా అక్క, పెళ్లిచీర బయటకు తీసింది. మడతల దగ్గర చిరిగింది, అంచు మాత్రం గట్టిగానే ఉంది. "దీన్ని చించి నా మనవరాలికి ఉయ్యాల కట్టాలని ఉండాది మామా. కడితే అమ్మ చీర లేనట్టేనా?" అని అడిగింది. జవాబు చెప్పబోతుంటే నాయన వాళ్లమ్మ, మా అవ్వ గుర్తొచ్చింది.

కడప జిల్లాలో మాది నేతపని ఇల్లు. మా ఇంటి ఆడపిల్ల పెళ్లిచీర తాత మగ్గం మీదే నేయాలని పట్టింపు. తాత పోయాక ఏది పాడైతే అది నాయన మార్చేవాడు. చెదలు తిన్న గుంజలు, బట్ట చుట్టే దోనె అన్నీ పోయి, చివరికి తాతనాటి కట్టె ఒక్కటీ మిగల్లేదు. తీసేసిన కట్టెలు పొయ్యిలోకి పోతున్నాయని అమ్మ అనుకునేది. చిన్నాయన వాటిని అటక మీద దాచాడు. అన్నదమ్ములు వేరుపడగానే, చెదలు తిన్నంత మేర కోసేసి, తన ఇంట్లో వాటితోనే మగ్గం నిలబెట్టాడు. కాస్త పొట్టిదే గానీ కట్టెలన్నీ తాతవే. తాత మగ్గం నాదంటే నాదని ఇద్దరూ మాటలు మానేశారు.

అప్పుడే అక్కకు సంబంధం కుదిరింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, నూలు దొరకడమే గగనం. ఉన్నది ఒక్క చీరకే. ఎవరింట్లో నేసినా రెండోవాళ్లు పెళ్లికి రారు. అక్క చిన్నాయన చంకలో పెరిగిన పిల్ల. తిండి మీద ధ్యాస లేక చిక్కిపోయింది.

నేతలో ఒక పద్ధతి ఉంది. నేసిన బట్ట కోసేటప్పుడు, దువ్వెనలా సన్నటి పళ్లుండే అచ్చులోంచి దారాలన్నీ లాగెయ్యరు, జానెడు కొస వదిలి, కొత్త పడుగును, అంటే నిలువు దారాలను, దారానికి దారం దానికే అతుకుతారు. అచ్చు మార్చినా అవ్వ ఆ కొసను కొత్తదాంట్లోకి ఎక్కించేది. తాత కాలం నుంచి ఆ కొస తెగలేదు.

"కట్టెలు వాని కాడ ఉండాయి, కొస నీ కాడ ఉండాది. మీ నాయన మగ్గం రెండిండ్లలో ఉండాదిరా. ఒగచోట చేరిస్తే పాపకు పెండ్లిచీర, లేకుంటే లేదు" అంది అవ్వ నాయనతో.

నాయన కాసేపు గొణిగాడు. తర్వాత అచ్చును కొసతో సహా పసిబిడ్డలా ఎత్తుకుని చిన్నాయన గడప తొక్కాడు. చిన్నాయన మగ్గం గుంటలోంచి లేచి, "కూచోన్నా, మొదలు నువ్వే పెట్టు" అన్నాడు. అవ్వ, అమ్మ, చిన్నమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని అతుకులు వేశారు. అన్నదమ్ములు వంతులేసుకుని నేశారు. చేతులు మారిన చోట నేత బిగువు ఇప్పటికీ తేడాగా తగులుతుంది. చీరలో నాకు ఆ చోటే ఇష్టం.

"కట్టు తల్లీ, మీయమ్మ చీర యాడికీ పోదు" అన్నాను మేనకోడలితో. కాలం మా ఇంట్లో కట్టెల్నీ మార్చింది, మనుషుల్నీ మార్చింది. కొస మాత్రం ఇంకా ఎవరో ఒకరి చేతిలో ఉంది.