ఎర్ర కోటు తొడుక్కొచ్చిన మామ

మా మామ పోయాడు. పక్షం రోజుల కింద, పొద్దున చాయ్ తాగి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. కబురు వచ్చేసరికి నేను హైదరాబాదులో ఒక స్టూడియోలో, సినిమాలోని పెళ్ళిపాటకు ట్రాక్ పాడుతున్నాను. ఫోన్‌లో అత్తమ్మ "బిడ్డా, మీ మామ లేడే" అని ఒక్క మాట అని ఏడ్చేసింది. నేను ఫోన్ పెట్టి, కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి మిగిలిన చరణం పాడాను. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఈ నాలుగు ముక్కలూ చదివి మీరు నన్ను మంచిదాన్ని అనుకోకూడదు. ఆ చరణం అయ్యేసరికి రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైలు పట్టుకుని కాగజ్‌నగర్‌లో దిగేసరికి దహనం కూడా అయిపోయింది.

మామ అంటే నాకు రక్తసంబంధం కాదు. మిల్లు క్వార్టర్ల వెనక గల్లీలో మా పక్కిల్లు. చిన్నప్పటి నుంచీ వరస పెట్టి పిలుచుకున్నాం. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ముప్పై ఏళ్ళు మా చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళికొడుకు బరాత్ కదిలినా ముందు వరసలో మామ ఉండాల్సిందే. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, తెల్ల బూట్లు. ఇంట్లో ఉన్నప్పుడేమో బనీను, లుంగీ, నోట్లో ఎప్పుడూ క్లారినెట్ మూతికి పెట్టే సన్నటి పుల్ల, రీడు. అది నానితేనే బాగా పలుకుతుందని పొద్దంతా బుగ్గన పెట్టుకుని తిరిగేవాడు. అందుకే ఆయన మాటలు సగం అర్థమయ్యేవి కావు. అత్తమ్మ విసుక్కునేది, "గా పుల్ల తీసి మాట్లాడయ్యా, నువ్వు తిడుతున్నవో పిలుస్తున్నవో సమజ్ గాదు" అని.

కొత్త సినిమా పాటలు వస్తే చాయ్ హోటల్లో కూర్చుని రెండుసార్లు వినేవాడు. మూడోసారి వింటూనే వేళ్ళు తొడ మీద ఆడేవి. సాయంత్రం బరాత్‌లో ఆ పాట వాయించాల్సిందే, లేకపోతే పెళ్ళికొడుకు దోస్తులు ఊరుకోరు. ఒకసారి ఒక పెళ్ళిలో కుర్రాళ్ళు, ప్రేమించిన పిల్ల వదిలేసి పోయిందని హీరో తాగి పాడే పాట అడిగారట. అప్పట్లో అదే పెద్ద హిట్టు. మామ పల్లవి మాత్రం తీసుకుని దాన్ని మూడింతలు వేగంగా వాయించేశాడు. అందరూ ఎగిరి గంతులేశారు. "చరణం వాయిస్తే పెండ్లిపిల్ల ఏడుస్తది బిడ్డా. అది ఎగిరేటోళ్ళకు ఏమెరుక" అన్నాడు ఇంటికొచ్చి.

నాకు పాట నేర్పింది ఈయనే.

అప్పుడు నేను ఆరో తరగతి. మిల్లు మూతపడి బాపు, అంటే మా నాన్న, ఇంట్లోనే ఉండేవాడు. ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడినా చివరికి కొట్లాటే అయ్యేది. నేను తప్పించుకుని అత్తమ్మ వాళ్ళ వాకిట్లో కూర్చుని, ఆమె గిన్నెలు తోముతుంటే కడిగి పెడుతూ పాడేదాన్ని. ఒకరోజు మామ రీడు తీసి చేతిలో పట్టుకుని మరీ అన్నాడు, "గొంతు మంచిగనే ఉన్నది గని, గా రొప్పుడేందే? బండి గుంజుతున్నట్టు!" నాకు కోపమొచ్చింది. "మరి నువ్వు నేర్పు" అన్నాను. "రేపు పొద్దుగాల చెప్పులేసుకోనిరా" అన్నాడు.

పాట నేర్చుకోవడానికి చెప్పులెందుకో తెల్లారి తెలిసింది. మామ క్లారినెట్ వాయిస్తూ ముందు నడిచాడు. నన్ను వెనక నడుస్తూ పాడమన్నాడు. గల్లీ దాటి, క్వార్టర్లు దాటి, పెద్దవాగు దిక్కు పోయే రోడ్డు మీద. "కూసోని పాడుడు ఎవరికైనా వస్తది. నడుసుకుంట పాడు. ఊపిరి ఏడ తీసినవో పాటకు తెల్వద్దు" అన్నాడు. బ్యాండు వాళ్ళ సాధన అలాగే ఉంటుంది మరి. నాలుగు గంటలు నడుస్తూ ఊదాలి, గతుకు వచ్చినా, గేదె అడ్డమొచ్చినా స్వరం తెగకూడదు. నాకూ అదే పెట్టాడు. దారి పొడుగునా ఎగతాళే. "గీ పొద్దుగాల బరాత్ ఏడికి పోతున్నది మామా? పెండ్లికొడుకేడి?" అనేవాళ్ళు. మామ వాయిద్యం దించకుండా కనుబొమలతోనే జవాబిచ్చేవాడు. వానాకాలంలో తన క్లారినెట్ తడవకుండా నన్ను గొడుగు పట్టమనేవాడు, తనైతే తడిసినా పరవాలేదు. ఇలా ఆరేళ్ళు నడిచాం.

ఇప్పుడు స్టూడియోలో సౌండ్ ఇంజనీర్లు అడుగుతారు, "ఇంత పొడుగు లైను ఒక్క ఊపిరిలో ఎలా తీస్తావమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?" అని. "ఊరికే వచ్చేసిందండీ" అంటాను. చూశారా, నా నోరు ఎంత అలవాటు పడిపోయిందో!

ఆ అలవాటు కరీంనగర్‌లో మొదలైంది. డిగ్రీ చదవడానికి హాస్టల్లో చేరాక, నీకు పాట ఎవరు నేర్పారని అడిగితే నిజమే చెప్పాను. పెళ్ళి బ్యాండులో మా మామ అని. అంతే, ఆ పూట నుంచి నా పేరు బరాత్ పిల్ల. నేను మెస్సులోకి వస్తే ప్లేట్ల మీద డ్రమ్ము వాయించేవాళ్ళు. వాళ్ళకది ఆట. నేను మాత్రం లోపల్లోపల కాలిపోయాను. తర్వాత ఎవరడిగినా మామ పేరెత్తలేదు.

అందుకే టీవీ పాటల పోటీకి ఎంపికైనప్పుడు, వాళ్ళిచ్చిన ఫారంలో గురువు అన్నచోట "ఎవరూ లేరు" అని రాశాను. పక్కన కూర్చున్న పిల్లలు పెద్ద పెద్ద విద్వాంసుల పేర్లు రాస్తున్నారు. బ్యాండు మామ అని రాయడానికి చెయ్యి రాలేదు. టీవీ వాళ్ళకు నా అబద్ధం తెగ నచ్చింది. మూతపడ్డ మిల్లు, కార్మికుడి కూతురు, రేడియో విని తనంతట తానే నేర్చుకున్న గొంతు. ఇంకేం కావాలి! నా మీద చిన్న పరిచయ చిత్రం తీస్తామని కెమెరాలతో కాగజ్‌నగర్ వచ్చారు.

ఆ రోజు మామ పొద్దున తొమ్మిదింటికే మా వాకిట్లోకి వచ్చాడు. ఎర్ర కోటు ఇస్త్రీ చేయించుకుని, జరీ కుచ్చులు దువ్వుకుని, మీసానికి రంగు వేసుకుని, బూట్లకు సున్నం కొట్టినంత తెల్లగా పాలిష్ పెట్టుకుని, చేతిలో క్లారినెట్‌తో. టీవీలో గురువును చూపిస్తారు కదా, పాత అంగీ మీద పోతే పిల్లకు నామోషీ అన్నాడట అత్తమ్మతో. ఆయన దగ్గరున్న వాటిలో అంతకన్నా గౌరవమైన బట్ట లేదు మరి. నాకు మాత్రం ఆ కోటు చూడగానే మెస్సు ప్లేట్ల మోత చెవుల్లో వినబడింది.

షూటింగ్ చేసే అబ్బాయి అడిగాడు, "ఈయనెవరండీ?"

"మా పక్కింటాయన. బ్యాండు వాయిస్తారు" అన్నాను.

మామ మూడడుగుల దూరంలో ఉన్నాడు. రీడు బుగ్గనే ఉంది. తీయలేదు. బాపు మాత్రం నా మొహం ఒకసారి చూసి లోపలికి పోయాడు, షూటింగ్ అయ్యేదాకా బయటికి రాలేదు.

ఆ అబ్బాయికేమో ప్రాణం లేచొచ్చింది. "సూపరండీ! మీరు సెలెక్ట్ అయ్యారని ఊళ్ళోవాళ్ళు సంతోషంతో బ్యాండు పెట్టి ఊరేగించినట్టు తీద్దాం!" అన్నాడు. మిగతా బ్యాండు వాళ్ళను పిలిపించారు. నా మెడలో బంతిపూల దండ వేశారు. మామ వాయిస్తూ ముందు నడిచాడు, నేను చేతులూపుతూ వెనక నడిచాను. ఎండ సరిగా లేదని, ఎవరో అడ్డమొచ్చారని మూడుసార్లు తీశారు. మూడుసార్లూ మామ అదే రోడ్డు మీద స్వరం తప్పకుండా నడిచాడు. నన్ను భూమిలో పాతరేసినా తప్పులేదు.

టీవీలో ఆ ఊరేగింపు గట్టిగా ఏడు సెకన్లు వచ్చింది. దానికి ముందు నేను నవ్వుతూ, "నాకు గురువంటూ ఎవరూ లేరండీ, రేడియోనే నా గురువు" అని చెప్పడం వచ్చింది. ఎనిమిదో వారంలో పోటీ నుంచి తీసేశారు. నేను ఊరికి రాకుండా హైదరాబాదులోనే ఉండిపోయి ట్రాకులు పాడడం మొదలుపెట్టాను. ట్రాక్ అంటే, పెద్ద గాయని వచ్చి పాడేలోగా పాట ఎలా ఉండాలో చూపించడానికి ముందుగా పాడే గొంతు. ఆమె పాడగానే మన గొంతు తీసేస్తారు. పేరు ఎక్కడా పడదు.

రెండేళ్ళ కింద ఒక పాట బ్రహ్మాండంగా ఆడింది. నేను ట్రాక్‌లో వేసిన విరుపులన్నీ ఆ పాట పాడిన పెద్ద గాయని అచ్చు దించినట్టు పాడింది. నేను ఉండబట్టలేక మామకు ఫోన్ చేసి అరగంట ఏడ్చాను. నా పాట, నా కష్టం, నా పేరు లేదు, ఒక్కసారైనా చెప్పొచ్చు కదా మామా, నోరు రాలేదా వాళ్ళకు, అని! మామ ఓపిగ్గా అంతా విన్నాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. పేరు లేకున్నా పాట ఏడికి పోతది? విన్నోనికి మంచిగనిపిస్తె సాలు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక, ముద్ద కలుపుకుంటుండగా, నేను ఎవరితో ఏం మొత్తుకున్నానో తట్టింది. అన్నం ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. మళ్ళీ ఫోన్ చేసి తప్పయింది మామా అనొచ్చు. చేయలేదు.

ఊరికి వెళ్ళినప్పుడు కూడా చెబుదామనే వెళ్ళేదాన్ని. "మామా, ఆ రోజు టీవీ వాళ్ళతో..." అని మొదలుపెడితే చాలు, "ఊపిరి మంచిగ అందుతున్నదా? పొద్దుగాల నడుస్తున్నవా?" అని మాట మళ్ళించేవాడు. నాకూ అదే హాయిగా ఉండేది, దాచిపెట్టడమెందుకు.

పదో రోజున అత్తమ్మ దగ్గర కూర్చుని తర్వాతి రోజు కార్యానికి కూరగాయలు తరుగుతున్నాను. ఆమె ఉన్నట్టుండి అంది, "నువ్వు టీవీల వచ్చిననాడు గల్లీ మొత్తం మా ఇంట్లనే కూసున్నది బిడ్డా. నువ్వు గురువు లేడు అన్నవు గదా, ఎవ్వలకు మాట రాలే. ఆయన నవ్విండు. 'నా పేరు చెప్పొద్దని నేనే అన్న, బ్యాండోడు నేర్పిండంటే పిల్లను తక్కువ జేస్తరు' అన్నడు. ఎన్నడు చెప్పిండు బిడ్డా నీకు గా మాట? ఫోన్ల చెప్పిండా?"

కత్తి పక్కన పెట్టాను. ఆమె కళ్ళల్లోకి చూడలేక, వంకాయలు కడగాలని లేచిపోయాను.

మర్నాడు షామియానా కింద గల్లీ అంతా ఉంది, బ్యాండు వాళ్ళంతా ఉన్నారు. అందరూ మామ గురించి తలా ఒక మాట చెబుతున్నారు. ఇప్పుడు కూడా చెప్పకపోతే నేను మనిషినే కాదనిపించింది. లేచి నిలబడ్డాను. మామ నన్ను ఏమీ చెప్పొద్దనలేదు, నేనే సిగ్గుపడి చెప్పలేదు, నాకు పాట నేర్పింది మామే, ఆయన అబద్ధమాడి నన్ను కాపాడాడు అన్నాను. ఊపిరి ఎక్కడ తీశానో అందరికీ తెలిసిపోయింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. డ్రమ్ము కొట్టే పెద్దాయన చుట్ట పక్కన పెట్టి మెల్లగా అన్నాడు, "గది మాకెరుక లేదా బిడ్డా? ఆరేండ్లు మా కండ్ల ముందట్నే గదా ఆయన ఎన్క నడిసినవు. గానాడు ఆయన మొఖం జూసి నమ్మినట్టు జేసినం." గొంతు తగ్గించాడు. "మీ అత్తమ్మ ఒక్కతే నిజంగ నమ్మింది. ఆమెకు తెల్వద్దనే గిన్నేండ్లు ఎవ్వలం నోరు తెరవలే."

నా బరువు దించుకుందామని లేచాను. దాన్ని తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టాను.

అత్తమ్మ వడ్డిస్తున్నదల్లా ఆగింది. దండ వేసిన ఫోటో దిక్కు చూసింది. "నలభై ఏండ్లల నాతోని ఒక్క అబద్ధం ఆడలే గీ మనిషి" అంది. కోపం లేదు, ఏడుపూ లేదు. తర్వాత నా దగ్గరికి వచ్చింది. "కూసో. తిను. దూరం పోవాలె నువ్వు" అని విస్తట్లో అన్నం పెట్టింది, పప్పు పోసింది, నేను చాలంటున్నా మళ్ళీ అన్నం పెట్టింది. నేను తల వంచుకుని తిన్నాను. విస్తరి ఖాళీ అయ్యేదాకా ఆమె గరిటె పట్టుకుని నా పక్కనే నిలబడింది, కళ్ళు మాత్రం ఆ ఫోటో మీదనే ఉన్నాయి.