ముఖానికి మూడే పనులు

పదహారో ఏట నా ముఖం నా మాట వినడం మానేసింది. నుదుటి మీద మొదలైన మొటిమలు నెల తిరక్కుండానే రెండు బుగ్గలకూ పాకాయి. అప్పట్లో మేం ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. వంటింటి గుమ్మం పక్కన మేకుకి ఆయన గడ్డం గీసుకునే అద్దం వేలాడేది. పుస్తకం తెరిచి రెండు పంక్తులు చదివేసరికి నా వేళ్లు బుగ్గ మీదికి పోయేవి. లేచి అద్దం దగ్గరికి వెళ్లేదాన్ని. మళ్లీ పుస్తకం, మళ్లీ అద్దం.

"అందులో ఏటుందే అంతగా?" అని విసుక్కునేది అమ్మ.

అలాగని ఊరుకున్నదీ లేదు. శనగపిండిలో పసుపు కలిపి తనే రుద్దింది. పక్క క్వార్టర్లో మేం కాకీమా అని పిలిచే బెంగాలీ పిన్నిగారు పాలమీగడ తెచ్చి "ఠీక్ హోయే జాబే", తగ్గిపోతుందిలే అంటూ బుగ్గలకు పట్టించింది. బడిలో ఒక స్నేహితురాలు వాళ్లక్క ముఖానికి రాసుకునే స్నో సీసాలోంచి కొంచెం కాగితంలో పెట్టి తెచ్చి ఇచ్చింది. ఇవి కాక గంధం, ముల్తానీ మట్టి, పౌడరు. ఏదీ రెండో రోజు దాకా ఆగి చూసింది లేదు. పొద్దున్న పిండి, బడికి వెళ్లే ముందు స్నో, రాగానే సబ్బు, ఆ మీద మట్టి. గంటకోసారి చూసుకోవడం, తగ్గలేదని ఇంకొకటి రాయడం.

దసరాకి ఇచ్చే పూజ సెలవుల ముందు మా తరగతికి ఫోటో తీస్తామన్నారు. ఇంకో నాలుగు రోజులే ఉన్నాయి. నిమ్మరసంలో వంటసోడా కలిపి రాస్తే రెండు రోజుల్లో ముఖం తేటపడుతుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో కూడా ఇప్పుడు గుర్తు లేదు. అమ్మ బజారుకి వెళ్లిన సమయం చూసి చిక్కగా కలిపి పట్టించుకున్నాను. మండింది. మండుతోందంటే పని చేస్తోందనుకుని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. సాయంత్రానికి ముఖం ఉబ్బింది. మర్నాటికి బుగ్గల మీద చర్మం పొరలుగా లేచింది. ఫోటో రోజున నేను బడికి వెళ్లలేదు. అమ్మ నన్ను రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

కట్లు కట్టే గదిలో ఉండే సిస్టరు విజయనగరం వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి. నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ఏటేటి రాసినావమ్మా?"

వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. ఒక చెయ్యి చాల్లేదు.

"ఇది ముకమేనా, పండక్కి సున్నం కొట్టే గోడా?"

అమ్మ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్లు తగిలి బుగ్గలు ఇంకా మండాయి. సిస్టరు నవ్వలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఏడవకు. నువ్వు సెడ్డపని సెయ్యనేదు, ఎక్కువ పని సేసినావు. పుండు మానేదాకా ఉత్త నీల్లే. ఆ తర్వాత మూడే పనులు. ఒకటి, పొద్దున్నా సాయంత్రం కాస్త సబ్బుతో కడుక్కో, రుద్దకు. నీ తువ్వాలు నీకే ఉండాల, దాంతో అద్దుకో. రెండు, మేమిచ్చే లోసను పల్సగా రాయి. మూడు, ఎండలోకెల్తే గొడుగేసుకో."

"ఇంకా?" అన్నాను.

"ఇంకేటీ నేదు."

"కొత్తదేదైనా రాసుకోవాలంటే?"

"ముందు మోసేతి లోపల రాసి రెండ్రోజులు సూడు. దురద రాకపోతే అప్పుడు ముకానికి. ఒకేసారి ఒకటే. నెల్రోజులు ఆగితేగానీ తెల్దు."

నెల రోజులు. ఇంటి నుంచి తెచ్చిన సీసాలో గులాబీరంగు లోషను పోయించుకుని వస్తూ దారంతా ఆ మాటే అనుకున్నాను. కడుక్కోవడానికి అయిదు నిమిషాలు చాలు. మిగతా రోజంతా ఏం చెయ్యాలి? వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేదాన్ని. వర్క్‌షాపు కూత వినబడితే ఇంకో పూట గడిచిందనుకునేదాన్ని. పుండు మానిన వారానికే ఓపిక అయిపోయింది. దాచిన స్నో తీసి రాసేశాను. మళ్లీ ఎర్రగా కందింది. ఈసారి అమ్మకి చెప్పకుండా ఒక్కదాన్నే సిస్టరు దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పాను.

ఆమె తిట్టలేదు. నా చేతుల వంక చూసింది. అప్పటికీ ఒక వేలు బుగ్గ మీదే ఉంది.

"నీకు జబ్బు ముకానికి కాదు, సేతులకి. కూకో."

కట్లకు వాడే గాజుగుడ్డ తాను ముందు పెట్టి, జానెడు ముక్కలు కత్తిరించి నాలుగు మడతలు ఎలా వెయ్యాలో చూపించింది. ఆ రోజు నుంచి బడి వదలగానే అక్కడికి వెళ్లేదాన్ని. కాళ్లు బల్ల కింద ఊగుతూనే ఉండేవి, కళ్లు గుమ్మం వైపే పోయేవి. కానీ ఆ గంటసేపు వేళ్లు బుగ్గ జోలికి పోలేదు. ఆమె చేతులు రోజంతా మందునీళ్లలో నాని పగిలిపోయి ఉండేవి. కడుక్కున్న ప్రతిసారీ వేళ్ల సందుల్లో తడి తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాసుకునేది.

"విసుగు రాదా?" అని అడిగాను.

"వస్తాది. అయినా రాస్తాను."

చలి మొదలయ్యేసరికి కొత్త మొటిమలు రావడం తగ్గింది. ఎడమ బుగ్గ మీద సోడా చేసిన మచ్చ మాత్రం ఉండిపోయింది. నేనేమీ అందగత్తెను కాలేదు. ముఖం మండటం మానేసింది, అంతే.

ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ అమ్మ తల ఎత్తకుండా అడిగింది. "నా మంగుకి ఏటైనా సెప్తాదేటే, మీ సిస్టరమ్మ?"

అమ్మ బుగ్గల మీద మంగు మచ్చలు నేను పుట్టినప్పటి నుంచీ ఉన్నాయట. అవి ఆమెను బాధపెడతాయని నాకెప్పుడూ తట్టలేదు. సిస్టరుని అడిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. పూర్తిగా పోదు, ఎండ తగలకుండా చూసుకుంటే ముదరదు.

మర్నాటి నుంచి అమ్మ కూడా కొళాయి దగ్గర నాతోపాటు ముఖం కడుక్కోవడం మొదలుపెట్టింది. బజారుకి వెళ్తే కొంగు ముందుకు లాక్కునేది. మూడో రోజు నా ఎదురుగా నిలబడి ముఖం వెలుతురులో పెట్టింది.

"తగ్గిందేటే?"

"తగ్గనేదమ్మా. మూడ్రోజులే కదా."

"ఇంకా ఎన్నాల్లు?"

చెప్పాను. నెల రోజులు ఆగితేగానీ తెలీదని. అమ్మ తువ్వాలు దండెం మీద వేసి, మళ్లీ తీసి దులిపి, సరిగ్గా పరిచింది. తర్వాత పొయ్యిలో బొగ్గులు వెయ్యడానికి లోపలికి వెళ్లింది.