బావ వైపు చక్రం

వెనక బ్రేకుల పనికి ఆ మెకానిక్ షెడ్డుకి ఏ కారు వచ్చినా ఎడమ చక్రం బావది, కుడి చక్రం బామ్మర్దిది. ఎవరు పెట్టారయ్యా ఈ రూలు అంటే ఎవరూ పెట్టలేదు. ఇరవై ఆరేళ్ళ కిందట, పరీక్ష తప్పి అక్కగారింట్లో ఊరికే తిని కూర్చున్న బామ్మర్దిని బావ షెడ్డుకి లాక్కొచ్చి, "నువ్వు అటు కూర్చో. నీ మొహం కనపడకపోతేనే నాకు పని సాగుతుంది" అన్నాడు. అటు కూర్చున్నవాడు అటే ఉండిపోయాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది, అయినా అటే. వచ్చేపోయేవాళ్ళంతా అతన్ని కుడిచక్రం అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది బావే అని వేరే చెప్పాలా?

కారు కిందనుంచి ఒకరి మోకాళ్ళు ఒకరికి కనపడేవి. కబుర్లన్నీ ఆ సందులోంచే.

"ఏరా, స్ప్రింగు ఎక్కిందా, మీ అక్కని పిలవమంటావా?"

"నీకే ఎక్కలేదేమో బావా, తెగ మూలుగుతున్నావు."

అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అన్నట్టు, పరాయివాళ్ళ కార్లన్నీ ఠంచనుగా బాగుచేసే ఈ ఇద్దరూ సొంత కారుని మాత్రం ఏడాదిగా రేపు మాపు అంటూ నెట్టుకొచ్చారు. అక్క స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆ మూటల్నీ, ఆమెనీ ఎక్కించుకుని బావ దుకాణాల చుట్టూ తిప్పేది ఆ పాత కార్లోనే. చివరికి ఆమె కేకలేశాకే వెనక చక్రాలు విప్పారు. కుడివైపు పని అయిపోయింది. ఎడమవైపు బ్రేకు సిలిండరు నుంచి ఆయిలు కారుతోందని, కొత్తది తెస్తానని బావ విడిభాగాల దుకాణానికి వెళ్ళాడు. తిరిగొచ్చింది దుకాణంవాడు. అతని ఒక చేతిలో సిలిండరు డబ్బా, ఇంకో చేతిలో బావ చెప్పులు. బావ దుకాణం మెట్ల మీదే కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

రెండు నెలలు కారు అలాగే స్టాండ్ల మీద ఉంది. బామ్మర్ది గేరు పనులు చేశాడు, ఇంజను పనులు చేశాడు, బ్రేకుల పని వస్తే మాత్రం ఇవాళ కుదరదనేవాడు. బావ విప్పి పళ్ళెంలో సర్దిన సామాను మీద దుమ్ము పడుతుంటే గుడ్డ కప్పాడు. బావ మొదలుపెట్టి పూర్తిచేయనిది ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. దాన్ని మూసేస్తే ఇంక బావకి ఇక్కడ పనేమీ ఉండదు. ఈ మాట ఎవరితోనూ అనలేక మింగలేక కక్కలేక తిరిగాడు.

ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చింది.

"బస్సుల్లో మూటలు మొయ్యలేకపోతున్నాన్రా. రేపు కారు కావాలి. ఎప్పుడో నేర్చుకున్నదే కదా, నేనే నడుపుకుంటాను. నీవల్ల కాకపోతే చెప్పు, ఇంకో మెకానిక్‌ని పిలుస్తా."

బావ చక్రం మీద పరాయి చెయ్యి పడటమా! కుడిచక్రం స్టూలు తీసుకుని ఎడమవైపుకి వచ్చి కూర్చున్నాడు.

కొత్త సిలిండరు బిగించాడు. చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు షూలు రెండూ పళ్ళెంలోంచి తీశాడు. రాపిడి పట్టీ, అదే లైనింగు, చిన్నగా ఉన్న షూ కుడిచేతి వైపుకి, పెద్దగా ఉన్నది ఎడమచేతి వైపుకి. ఇందులో ఆలోచించేదేముంది, ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నదే. స్ప్రింగులు ఎక్కించాడు. హ్యాండ్‌బ్రేకు కేబులు తగిలిద్దామంటే అందలేదు. పటకారుతో పట్టి లాగాడు. స్ప్రింగు జారి వేలు చీరుకుపోయింది. లేచి వెళ్ళి తను చేసిన కుడివైపు డ్రమ్ము మూత తీసి చూసొచ్చాడు. అంతా అచ్చం అలాగే ఉంది. మళ్ళీ విప్పి, మళ్ళీ అలాగే కట్టాడు. మళ్ళీ అందలేదు.

రేపు అక్క ఈ బ్రేకుల మీద రోడ్డెక్కుతుంది. తనేమో జీవితంలో ఒక్కసారి కూడా ఎడమ చక్రం కట్టినవాడు కాదు. సగం మెకానిక్‌ని! అనుకున్నాడు. మిగతా సగం మెట్ల మీద పోయింది. వేలు నోట్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అంతసేపూ అక్కడే ఉన్న అక్క వచ్చి పక్కన కూర్చుంది. పళ్ళెంకేసీ చక్రంకేసీ చూసింది.

"అటు ఎలా ఉందో ఇటూ అలాగే పెట్టావా?"

"అచ్చం అలాగే పెట్టానక్కా."

"మరి అదేరా తప్పు! చొక్కాకి రెండు చేతులూ ఒకేలా కోస్తే రెండూ కుడిచేతులే అవుతాయి. రెండోదానికి గుడ్డ తిరగేసి కొయ్యాలి."

అతను లేచి అటొకసారి, ఇటొకసారి కూర్చుని చూశాడు. కారు ముందుభాగం కుడివైపు కూర్చుంటే కుడిచేతి పక్కన ఉంటుంది, ఇక్కడ కూర్చుంటే ఎడమచేతి పక్కన. చిన్న షూ ఎప్పుడూ ముందుకే ఉండాలి. ఈసారి ప్రతిదీ తిరగేసి పెట్టాడు. చేతులు మొరాయించాయి, బతిమాలుతూ చేయించాడు. కేబులు తనంతట తనే వచ్చి కూర్చుంది. రెండు డ్రమ్ములూ ఎక్కాయి.

ఇంక బ్రేకు ఆయిలు గొట్టంలో చేరిన గాలి తియ్యాలి. ఇతను చక్రం దగ్గర నట్టు వదులుచేస్తుంటే ఒకరు లోపల పెడలు తొక్కాలి. అక్క ఎక్కి కూర్చుంది.

"తొక్కక్కా."

పెడలు కదల్లేదు.

"తొక్కు."

"అందట్లేదురా." "సీటు ఆయన పెట్టుకున్నట్టే ఉంది."

బావ పొడుగుకాళ్ళ మనిషి. కుడిచక్రం లేచి వెళ్ళి దిండు తెచ్చాడు. "వీపు వెనక పెట్టుకో. సీటు జరపకు."

ఆమె దిండు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"దిండుతో రోడ్డు మీద ఎలా నడపనురా? బ్రేకు అందకపోతే నువ్వింత చేసి ఏం లాభం?"

సీటు కింద మీట లాగింది. సీటు కదల్లేదు. ఏళ్ళ తరబడి ఎవరూ జరపలేదు, పట్టేసింది.

"తొయ్యరా" అంది ముందుకే చూస్తూ.

అతను వెనక తలుపు తీసి లోపలికి వంగి, రెండు చేతులూ సీటు వీపుకి ఆనించి తోశాడు. మూడోసారికి కదిలి ముందుకెళ్ళింది.

"చాలు. అందింది" అంది అక్క.

అతను వెళ్ళి ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాడు.

"తొక్కు" అన్నాడు. ఆమె ఏడుస్తూనే తొక్కింది.