ఒక జత చక్రాలు, ఇద్దరల్లుళ్ళు

1997 డిసెంబరు 13, శనివారం. సాయంత్రం, చిక్కపేటలో మా మామగారి ఇల్లు. ఉన్నవారు: మామగారు, నేను, నా భార్య, ఆమె చెల్లెలు, ఆ చెల్లెలి భర్త, అంటే నా షడ్డకుడు. ఇంకా, గోడకు ఆనించిన రెండు రేసు చక్రాలు. డైరీలో మనుషుల వరసలో చక్రాలను రాయడం సరికాదని తెలిసే రాశాను. ఆ సాయంత్రం అందరూ పలకరించింది వాటినే.

షడ్డకుణ్ణి వాళ్ళ కంపెనీ శిక్షణ కోసం ఆరు నెలలు ఇటలీ పంపింది. తిరిగొస్తూ ఆ జత తెచ్చుకున్నాడు. వాటికున్నవి ట్యూబులర్ టైర్లు. మా అందరి సైకిళ్ళకూ ఉండేవి క్లించర్లు: టైరు వేరు, లోపల ట్యూబు వేరు, టైరు అంచులోని తీగ రిమ్ము గాడిలో పట్టుకుని కూర్చుంటుంది. ట్యూబులర్ అలా కాదు. ట్యూబును లోపల పెట్టి టైరును చుట్టూ కుట్టేస్తారు. ఆ గొట్టాన్ని రిమ్ముకు జిగురుతో అంటిస్తారు. తీగ లేదు, రిమ్ముకు అంచులు లేవు, అందుకే అంత తేలిక. మా క్లించర్ల కంటే చాలా గట్టిగా గాలి కొట్టుకోవచ్చు. ఇదంతా నేను పాత పత్రికల్లో ఏళ్ళ క్రితమే చదివాను, మా సైకిలు క్లబ్బులో అరగంటసేపు వివరించి చెప్పాను కూడా. కొనితెచ్చుకున్నది మాత్రం అతను.

నా భార్య ఒక చక్రాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది.

"పూలబుట్టంత బరువు కూడా లేదే," అంది.

పదేళ్ళలో నా సైకిలు గురించి, దాన్ని వరండాలోంచి తియ్యమని తప్ప, ఇంకో మాట అనని మనిషి.

మర్నాడు క్లబ్బు సైకిలు పందెం ఉంది. ఆనేకల్ దాకా వెళ్ళి రావాలి. దారిలో నీలగిరి తోపుల మధ్య కొంతదూరం మట్టిబాట. నలభై దాటినవాళ్ళలో ముందొచ్చినవాడు క్లబ్బు తరఫున మైసూరు పోటీకి వెళ్తాడు. ఒక్కటే చోటు. అంతకుముందు రెండుసార్లు అది నాకు కొద్దిలో తప్పిపోయింది. కుడి మోకాలు అప్పటికే మొండికేస్తోంది, ఈసారి కాకపోతే ఇక లేదు. ఆ వయసువాళ్ళం ముగ్గురమే: నేను, షడ్డకుడు, బ్యాంకులో పనిచేసే ఒక పెద్దాయన. ఆ పెద్దాయన టైర్లు పాలవాళ్ళ సైకిళ్ళకుండేంత లావు. ఆయన్ని మేం లెక్కలోకి తీసుకోలేదు.

"రేపు నీదేనప్పా," అన్నారు మామగారు చిన్నల్లుడితో. తర్వాత నా మొహం చూశారు.

మామగారిది బట్టల వ్యాపారం. తాతల నాటి నుంచి ఆ పేటలోనే ఉన్న తెలుగు కుటుంబం. పెళ్ళిళ్ళయినప్పటి నుంచీ ఆయనకొక పద్ధతి ఉంది: ఇద్దరల్లుళ్ళకూ బట్ట ఒకే తానులోంచి చించాలి. నాకు గీతల చొక్కా అయితే అతనికీ గీతల చొక్కాయే. పండగనాడు మేమిద్దరం పక్కపక్కన నిలబడితే బ్యాండుమేళం వాళ్ళలా ఉండేవాళ్ళం.

"రెండు చక్రాలు ఉండాయి, ఇద్దరు అల్లుళ్ళు ఉండారు," అన్నారాయన. "తలా ఒకటి వేసుకోండప్పా. ఒకరికి బేజారు ఎందుకు?"

"అది జత కదా, మామా," అన్నాడు షడ్డకుడు.

"పంచెల చాపు కూడా జతే. చించి చెరొకటీ ఇయ్యలేదా నేను?"

సైకిలు సంగతి కొంచెం తెలిసినవాడెవడైనా నవ్వే మాట అది. నేను నవ్వలేదు, వద్దనలేదు. నాకు ఆ చక్రం కావాలి. ఒక్కటైనా సరే.

"పెద్దల్లుడు ముందు ఏరుకోవాల," అన్నారు మామగారు.

నేను రెండు చక్రాల ముందూ నిలబడి ఆలోచించాను. మనిషి బరువు ఎక్కువగా పడేది వెనక చక్రం మీద. మట్టిబాటలో తుమ్మముల్లు గట్టిగా దిగేదీ దానికే. క్లించరుకు ముల్లు దిగితే ట్యూబు బయటికి లాగి, ప్యాచ్ వేసి, గాలి కొట్టుకుని కదలొచ్చు. ట్యూబులరుకు దిగితే కుట్లు విప్పి మళ్ళీ కుట్టాలి, రోడ్డు పక్కన అయ్యే పని కాదు. టైరు మొత్తం పీకి ఇంకోటి ఎక్కించుకోవలసిందే.

"నాకు ముందుది చాలు," అన్నాను. "బండిని తోసేది వెనక చక్రమే. అది నువ్వే ఉంచుకో."

"చూస్తివా మీ బావ మనసు," అన్నారు మామగారు చిన్నకూతురితో.

మా మరదలు నన్ను కాస్త ఎక్కువసేపే చూసింది. "బావకు మనసుకన్నా లెక్క జాస్తి, నాయనా," అంది.

మడిచిన స్పేరు టైరు ఒకటే ఉంది. నాకు చిన్న వాటా వచ్చిందని జాలిపడి, దాన్ని నా సీటు కింద కట్టించారు మామగారు. కొత్త రిమ్ములు సన్నం కాబట్టి రెండు సైకిళ్ళ బ్రేకు రబ్బర్లూ నేనే దగ్గరికి జరిపాను. అతని సైకిలుది ఇంకోసారి సరిచూశాను. ఏ వంకా దొరకలేదు.

మర్నాడు ఆదివారం, మంచులోనే బయల్దేరాం. తారురోడ్డు మీద నా ముందు చక్రం పట్టుచీర మడత విప్పినట్టు సన్నగా సవ్వడి చేసింది. వెనకనున్న నా పాత క్లించరు గరగరలాడుతూ దాన్ని పాడుచేసింది. పక్కనే అతని వెనక చక్రం. అదీ ఇదీ ఒకే టైరు, ఒకే గాలి. అయినా అతనిదే బాగా మోగుతున్నట్టు వినిపించింది.

మట్టిబాటలో నేను ముందున్నాను. వెనక బుస్సుమని గాలి పోయిన చప్పుడు, ఆ వెంటనే అతని గొంతు.

"అన్నా, ఆగు. స్పేరు నీ దగ్గర ఉండాది."

వినబడనట్టు ఇంకొంచెం దూరం తొక్కాను. తర్వాత ఆగాను. అది మంచితనం కాదు. పందెం ముగిసేచోట మామగారు మడత కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటారు, స్పేరు ఎవరి సీటు కింద కట్టించారో ఆయనకు గుర్తే.

ముల్లు దిగిన టైరు సులువుగానే ఊడింది. రిమ్ము మీద పాత జిగురు ఇంకా అంటుతోంది. కొత్త టైరు మాత్రం ఎక్కలేదు. ట్యూబులరును ముందే కొన్నాళ్ళు ఉత్త రిమ్ముకు ఎక్కించి సాగదియ్యాలి. క్లబ్బులో నేనే చెప్పిన విషయం. ముందురోజు ముళ్ళ లెక్కలో పడి అది నాకు తట్టలేదు. ఇటలీలో మాకు ఇవన్నీ మెకానిక్కులే చేసిపెట్టేవాళ్ళన్నాడు అతను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, కాళ్ళతో చక్రాన్ని అదిమిపట్టి, చెరోవైపు లాగాం. చేతులకూ చొక్కాలకూ జిగురు.

అప్పుడే లావు టైర్ల పెద్దాయన వచ్చాడు.

"ఏమప్పా, చక్రానికి తలంటు పోస్తా ఉండారా?" అన్నాడు. ఆగకుండానే వెళ్ళిపోయాడు.

చివరికి టైరు వంకరగా ఎక్కింది. ఊడుతుందేమోనని మెల్లగా తొక్కుతూ ఇద్దరం కలిసే చేరాం. మైసూరు చోటు పెద్దాయనకు పోయింది.

మామగారు కుర్చీలోంచి లేచి, మా ఇద్దరి చొక్కాల మీది జిగురు మరకలు చూశారు. "ఇద్దరూ ఒకేసారి వచ్చినారు," అన్నారు తృప్తిగా.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. పక్కకు చూస్తే షడ్డకుడి మొహం కూడా అలాగే ఉంది. అది చూశాక ఆకలి తెలిసింది. పక్క హోటల్లో రెండు దోసెలు తిన్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అతను నా సైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఆ చక్రం ఇప్పుతావా?"

"ఇంటిదాకా దేని మీద పోవాల?" అన్నాను. "సాయంత్రం తెచ్చిస్తాలే."

ఆ ఉదయం ఇంటికి చుట్టుదారిన వెళ్ళాను, తారురోడ్డు బాగున్న వైపు నుంచి.