తామరాకు మీద నేను

ఆ రోజుల్లో సన్నగా ఉండటం అందం కాదు, మా ఇంట్లో అదొక జబ్బు. డిగ్రీ రెండో ఏడాదికి వచ్చినా అందరూ నన్ను 'పుల్ల' అనే పిలిచేవారు. కళ్లంలో మిరపకాయలు ఎండబోసినప్పుడు గాలి లేచిందంటే మా నాయనమ్మ ముందు నన్ను ఇంట్లోకి పొమ్మనేది. "కాయలు ఎగిరిపోతే ఏరుకుంటాం, ఇది పోతే యాడ ఎతుక్కుంటాం" అనేది (ఏమాత్రం నవ్వకుండా).

గుంటూరులో మా అమ్మాయిల కాలేజీ వాళ్లు ఒక ఆదివారం పులిహోర డబ్బాలతో సహా మమ్మల్ని బస్సెక్కించి బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్లారు. మా బోటనీ మేడం మెత్తటి మనిషి, గొంతు పెంచితే ముందు తనే ఉలిక్కిపడేవారు. కొలనులో అంచులు పైకి తిరిగిన పెద్ద పళ్లేల్లా తేలుతున్న విక్టోరియా తామరాకులను చూపించి, "దీని మీద మనిషి నిలబడొచ్చు" అన్నారు. పక్కనే అబ్బాయిల కాలేజీ వాళ్లను వెంటబెట్టుకొచ్చిన లెక్చరర్ గారు పెద్దగా నవ్వారు. "పుస్తకంలో ఉన్నదల్లా నమ్మితే ఎట్లా మేడం? ఎవరన్నా నిలబడి చూపించండి, మీ పిల్లలందరికీ ఐస్‌క్రీములు నేనిప్పిస్తా." అబ్బాయిలు ఈలలు వేశారు. మేడం ముఖం ఎర్రబడింది. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"నేను నిలబడతాను మేడం" అన్నాను.

"పుల్లా, నీకు ఈత రాదు గదే" అంది నా పక్కనున్న అమ్మాయి. నీళ్లు నడుము లోతేనని తోటమాలి ధైర్యం చెప్పాడు గానీ, "ఆకు చిరిగితే నన్ను ఇంటికి పంపిస్తారమ్మా" అని అడ్డం పడ్డాడు. మేం ఓడిపోతే చూడాలని ముచ్చటపడి లెక్చరర్ గారే "పూచీ నాది" అన్నారు. బరువంతా ఒక్కచోట పడితే చిరుగుతుందని మేడం నా చెవిలో చెప్పారు. గట్టున 'పూలు కోయరాదు' అని రాసిన చెక్క బోర్డు ఊడి పడి ఉంటే, దాన్ని తెచ్చి ఒడ్డు పక్కనున్న ఆకు మధ్యలో పరిచాం (హెచ్చరికను ఇంత బాగా వాడుకున్నవాళ్లు ఇంకెవరూ ఉండరు). మేడం చెయ్యి పట్టుకుని ఒక కాలు పెట్టాను. ఆకు కుంగింది, అంచుదాకా వచ్చిన నీళ్లు అక్కడే ఆగాయి. రెండో కాలూ పెట్టాను. మేడం చెయ్యి వదిలేశాను. ఆకు కాస్త ఊగి, నన్ను మోసింది.

ఈలలు ఆగిపోయాయి. "ఇప్పుడు నమ్ముతారా మాస్టారూ?" అన్నారు మేడం. ఆ గొంతు కొలను అవతలిదాకా వినిపించింది. ఆయన కూడా మంచి మనిషే, చప్పట్లు కొట్టి అందరికీ ఐస్‌క్రీములు ఇప్పించారు. నాకు రెండు. తిరుగు బస్సులో మేడం తన పక్కన కిటికీ సీటు నాకిచ్చారు. ఇంటికెళ్లి గొప్పగా చెబితే మా అమ్మ, "ఆకుక్కూడా బరువు కాలేదంటే ఎంత చిక్కిపోయావో" అని అన్నంలో ఇంకో గరిటె నెయ్యి పోసింది.

ఆ నెయ్యి నిదానంగా పనిచేసింది. ఇప్పుడు డాక్టరు గారు "బరువు తగ్గాలమ్మా" అన్నప్పుడల్లా, నేను ఒకప్పుడు తామరాకు మీద నిలబడ్డానండీ అని చెప్పాలని నోటిదాకా వస్తుంది. కుర్రాడు, నమ్మడు. మందుల చీటీ తీసుకుని, కాస్త నిటారుగా నడుచుకుంటూ బయటికి వస్తాను.