ఊక బూడిదకు విలువ చెప్పినందుకు

గూడూరు దగ్గర మా అక్క మిరప కల్లం మీద ఇప్పటికీ మిల్లు బూడిద పడుతోంది. అది ఎవరికీ పనికిరాదన్నది అబద్ధం. ఆ సంగతి మిల్లు యజమానికి నేనే చూపించాను. రేపు ఎవరూ "మాకు తెలియదు" అనకూడదనే దీన్ని రాసిపెడుతున్నాను.

అక్క కల్లం పక్కనే ఆ బియ్యం మిల్లు. బాయిలర్లో ఊక కాల్చగా మిగిలిన బూడిదను గోడ ఇవతల కుప్పగా పోస్తారు. గాలి తిరిగితే ఆరబెట్టిన మిరపకాయల మీద నల్లటి పొర పడుతుంది. నిరుడు వ్యాపారి ఒక కాయ తుంచి, తన వేళ్లు చూసుకున్నాడు.

"గివి పొయ్యిలకెల్లి తీసినవా అక్కా?" అని కొనకుండానే వెళ్లిపోయాడు.

అక్క మిల్లుకు పోయి అడిగింది. యజమాని నవ్వి, "బూడిద ఎవనికి గావాలె? కొనేటోడుంటే తోల్కరా, తెల్లారే ఎత్తిస్త" అన్నాడు.

ఆ మాట నేను పట్టుకున్నాను. నా బడి పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా జనగామ గ్రంథాలయంలోనే, ఆ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను. అక్కడి రసాయన పుస్తకాల్లో దొరికింది: ఊక బూడిదలో ఎక్కువగా ఉండేది సిలికా. కాస్టిక్ సోడా నీళ్లలో మరిగిస్తే అది కరిగి సోడియం సిలికేట్ అవుతుంది. అట్టపెట్టెల జిగురుకూ, సబ్బులకూ వాడతారు. మామూలుగా దాని కోసం ఇసుకను పెద్ద కొలిమిలో కరిగిస్తారు. బూడిదకు అంత మంట అక్కర్లేదు.

పెద్ద వంట అంటే మాకు తెలిసింది సిల్వర్ బోగాణి, అదే అల్యూమినియం గిన్నె. అందులోనే మరిగించాను. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుందని తర్వాతి పేజీలో ఉందట, నేను అంతదాకా చదవలేదు. నురగ పొంగింది, అడుగు జల్లెడైంది.

"గిన్నెలు తినుడు గూడ నేర్పిన్రా తమ్మీ, లైబ్రరీల?" అంది అక్క.

భూపాలపల్లిలో వెల్డింగ్ చేసే మిత్రుడు ఇనుప తొట్టి చేసిచ్చాడు. ఈసారి చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకున్నాను. వడకట్టి మళ్లీ మరిగిస్తే పాకంలా వచ్చింది. దాంతో రెండు అట్టముక్కలు అతికించాను. మరునాడు లాగితే అట్ట చిరిగింది గానీ అతుకు ఊడలేదు. సిలికేట్ తయారుచేసే ఒకాయన్ని వెతికి పట్టుకుంటే, లారీ తానే పంపి బూడిద కొనుక్కుపోతానన్నాడు.

ఆ జిగురు సీసా పట్టుకుని మిల్లుకు పోయి, కొనే మనిషి దొరికాడని చెప్పాను.

యజమాని దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. "గీ బూడిదల గింత కథుందా? అయితే జర ఆగుదాం. ధర పెరగనీ."

"కనీసం పరదా అన్న కప్పియ్యే అన్నా, కాయలు ఖరాబైతున్నయి."

"కప్పితె కొనేటోనికి ఎట్ల కనవడ్తది?"

వారంలో కుప్ప చుట్టూ ముళ్లకంచె వేశాడు. చెత్తగా ఉన్నప్పుడు కనీసం అడిగే వీలుండేది. ఇప్పుడది ఆయన ఆస్తి. ఎత్తడు, ఎత్తనివ్వడు, కప్పడు. చదివింది చెప్పడమే నా తప్పా? ఈ ఏడు అక్క మిరప బస్తాలను నెత్తిన పెట్టుకుని, నిచ్చెన ఎక్కి, డాబా మీద ఆరబోస్తోంది.

పుస్తకాలు వెతికి ఇచ్చిన గ్రంథాలయం అమ్మకూ, తొట్టి చేసిన మిత్రునికీ, లారీ పంపుతానన్న పెద్దమనిషికీ నా దండాలు. పేర్లు రాసి కృతజ్ఞత చెప్పాలని ఉంది. రాస్తే ఆ మిల్లు ఏదో అందరికీ తెలిసిపోతుంది, ఆ కోపం యజమాని అక్క మీద తీర్చుకుంటాడు. అక్క వడ్లు పోయాల్సింది కూడా ఆ మిల్లులోనే.