వాగు కోసం నేను చేయించిన సంతకాలు

దేశం దాటొచ్చి మేముంటున్న ఆష్‌బర్న్‌లో, మా టౌన్‌హౌస్‌ల వెనక చిన్న వాగు ఉంది. ఆరేళ్లపాటు బతుకమ్మను అందులోనే సాగనంపాం. ఎగువన డేటా సెంటర్లు లేచాక, వాటి కాంక్రీటు మీంచి ఉరికొచ్చే వాననీళ్లకు గట్లు కోసుకుపోయాయి, నీళ్ల మీద నాచు కట్టింది. పక్కింటి అక్క ముక్కు మూసుకుని, "ఈ మురికిల బతుకమ్మను ఎట్ల వేస్తమే?" అంది. నాకు కడుపు మండిపోయింది.

ఆ వేసవిలో ఇంకో డేటా సెంటర్‌కి మా మద్దతు కావాలంటూ బిల్డర్ తరఫు మనిషి కాగితాలు తెచ్చాడు. దాని స్థలం నుంచి వానతో కొట్టుకొచ్చి నీళ్లలో చేరే మాలిన్యానికి బదులుగా వాగు బాగుచేస్తామన్నాడు. గట్లకు రాళ్లు పేరుస్తారట, చెట్లు నాటుతారట. ఫొటోలు కూడా చూపించాడు. "మీ వాగు" అని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆ సంగతి నాకు తరవాతెప్పుడో తట్టింది.

మొదటి సంతకం నాదే. ఆ తరవాత ఇంటింటికీ తిరిగాను.

"మన వాగు రిపేర్ చేస్తరంట అక్కా, సైన్ చేయి."

"మొత్తం చదివినవా?"

"చదివిన, చదివిన!"

చదవలేదు. వీసా కాగితాల్లో ఒక్క అక్షరం తేడా కనిపిస్తే అన్నం సయించని మనుషులం మేము. ఇక్కడ మాత్రం ఫొటోలు చూసి మురిసిపోయాం.

మహానుభావులు అబద్ధమాడలేదు, వాగు బాగుచేశారు. మాది కాదు. గంటన్నర దూరంలో, ఎవరిదో పొలంలో పారే వాగు. రెండూ చివరికి ఒకే నదిలో కలుస్తాయి గనక ఇక్కడి పాపానికి అక్కడ పరిహారం చెల్లుతుందట! కాగితాలు తెచ్చిన మనిషికి ఫోన్ చేసి అరిచాను. "తొమ్మిదో పేజీలో ఉంది మ్యామ్" అన్నాడు చల్లగా. తీసి చూశాను. మ్యాప్‌తో సహా ఉంది.

ఉండబట్టలేక ఓ శనివారం నేనూ అక్కా డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి చూశాం. ఎంత బాగుందో! అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్లు. చుట్టూ కంచె, లోపలికి రావద్దని బోర్డు. అంత మంచి నీళ్లను చూసి ఏడుపొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈ ఏడు బతుకమ్మ ఆడింది పార్కింగ్ లాట్‌లో. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ తొట్టిని పైపుతో నింపాం. పాటలయ్యాక అందరూ పూల పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ ముందుకు రాలేదు.

"మొదటి సంతకం నీదే గదా," అంది అక్క. "నువ్వే ముందుగాల వెయ్."

వేశాను. బతుకమ్మ కాస్త ఊగి, తొట్టి అంచుకు తగిలి, అక్కడే ఆగిపోయింది.